చేతికి కొలత వచ్చేదాకా

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం మెకానికల్ డిప్లొమా గురించే. నేను రైస్ మిల్లుల్లో మొదలుపెట్టి సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషిని. నాకు తెలిసిన దాంట్లోంచే జవాబు చెబుతాను. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల బత్తాయి తోట ఉంది. మా పెద్ద పిల్లవాడికి పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ సీటు వచ్చేలా ఉంది. వాడికి మోటర్లంటే ప్రాణం. బోరు మోటర్ పైకి తీసిన రోజు బడికి కూడా పోకుండా మెకానిక్ పక్కనే కూచుంటాడు. మా బావమరిది మాత్రం "ఇప్పుడు మెకానికల్ ఎవరు చదువుతున్నారు బావా, ఇంటర్ ఎంపీసీలో వెయ్యి, కంప్యూటర్ ఇంజినీరింగ్ చేయిద్దాం" అంటున్నాడు. రెండు వారాలుగా ఇంట్లో ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: అన్నా, మోటర్ పైకి తీసిన రోజు సంగతి రాశారు చూడండి, అక్కడే ఆగిపోయాను. పిల్లవాడు ఊరికే చూస్తాడా, పానా అందిస్తాడా? మెకానిక్ వెళ్లిపోయాక అది ఎందుకు కాలిందో మీకో వాళ్లమ్మకో చెప్పే ప్రయత్నం చేస్తాడా? చేస్తుంటే ఇక ఆలోచించకండి, చేర్పించండి. యంత్రాల మీద మోజు చాలామంది పిల్లలకు ఉంటుంది. ఇది ఎందుకు ఆగిందని రాత్రి అన్నం తింటూ కూడా అడిగేవాళ్లు తక్కువ.

మీ బావమరిది మాటను నేను తీసిపారేయను. కంప్యూటర్ చదివి స్థిరపడ్డ పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ డిప్లొమాలో చేరితే పెద్ద చదువు పోయినట్టేనని ఆయన అనుకుంటున్నట్టుంది, అది నిజం కాదు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. లెక్క చూడండి. ఇంటర్ దారిలో రెండు ప్లస్ నాలుగు, డిప్లొమా దారిలో మూడు ప్లస్ మూడు. రెండూ ఆరేళ్లే. తేడా ఏమిటంటే, మధ్యలో ఇంటి పరిస్థితి బాగోలేక చదువు ఆపాల్సి వచ్చినా ఈ పిల్లవాడి చేతిలో పని, దానికో సర్టిఫికెట్ ఉంటాయి. రైల్వేలో జూనియర్ ఇంజినీర్ పరీక్ష కూడా ఆ డిప్లొమాతోనే రాసుకోవచ్చు. బత్తాయికి ఒక ఏడాది రేటు ఉంటుంది, ఒక ఏడాది ఉండదు. మీ ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక మెకానికల్ ఎవరు చదువుతున్నారన్న మాట. మిర్యాలగూడ రోడ్డు మీద ఒకసారి పగటిపూట వెళ్లి రండి. అక్కడి రైస్ మిల్లులన్నిట్లో ఎలివేటర్లు, బ్లోయర్లు, బాయిలర్లు తిరుగుతూనే ఉంటాయి. వాడపల్లిలో, మేళ్లచెరువులో సిమెంటు కిల్న్‌లు ఉన్నాయి. నాగార్జునసాగర్‌లో టర్బైన్లు ఉన్నాయి. దామరచర్లలో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు, 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు. పుట్టంగండిలో కృష్ణ నీళ్లను ఎత్తిపోసే పంపులున్నాయి. పాలమూరు వైపు పోతే జూరాలలో 39 మెగావాట్ల టర్బైన్లు ఆరు, జడ్చర్ల పక్కన పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలు. ఇవన్నీ మీ వాడికి ఉద్యోగం ఇస్తాయని నేను అనడం లేదు. కానీ తిరిగే యంత్రం ఉన్న ప్రతిచోటా దాన్ని అర్థం చేసుకున్న మనిషి కావాల్సిందే. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే ఉంటుంది, చాలాచోట్ల కాంట్రాక్టు కింద తీసుకుంటారు. అది ముందే తెలిసి ఉండటం మంచిది. ఆ రోజుల్లో జీతం వెయ్యి రూపాయలు తక్కువైనా సరే, మెషిన్ విప్పనిచ్చే చోట చేరమనండి.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాయన కమ్మరి. వానాకాలం ముందు మా కొలిమి దగ్గర కర్రులు, గడ్డపారలు వరుసగా పెట్టి ఉండేవి. గడ్డపార మొనను ఎర్రగా కాల్చి, సుత్తెతో సాగగొట్టి, మొన మటుకు నీళ్లలో ముంచి తీసేవాడు. వెంటనే రాయితో గీకి తెల్లగా చేసి కళ్లు చిట్లించి చూసేవాడు. పైనున్న వేడి కిందికి దిగుతుంటే ఆ తెల్లటి చోట రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత నీలం. తనకు కావాల్సిన రంగు మొనకు చేరగానే మళ్లీ చుయ్యిమని నీళ్లలో ముంచేసేవాడు. ఒక్క క్షణం ముందైతే మొన బండకు తగిలి పెళుక్కుమంటుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగిపోతుంది. నేను వనపర్తిలో, రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివాను. ఒకరోజు మా లెక్చరర్ బోర్డు మీద టెంపరింగ్ రంగులు రాశారు. ఎండుగడ్డి రంగు అంటే సుమారు 230 డిగ్రీలు, నీలం అంటే సుమారు 300. నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన థర్మామీటర్ ముఖం చూడకుండా చేసిన పనికి అక్కడ అంకె ఉంది! ఆ ఆదివారం ఇంటికి పోయి ఆయనకు చెప్పాను. "నీలం 300 అయితే, మరి నేను ఆపే రంగు ఎంత?" అని అడిగాడు. ఆ రోజు నుంచి కొలిమి పని నాకు వేరుగా కనిపించింది, పుస్తకమూ వేరుగా కనిపించింది. మీ వాడికి బోరు మోటర్ దగ్గర దొరికినది కాలేజీలో ఇలాగే కలుస్తుందని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది ఎక్కువగా భయపడేది ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు. వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసినట్టు గీయడం మొదట్లో తలకెక్కదు. సెలవుల్లోనే ఒక సబ్బు బిళ్లను కత్తితో ఎల్ ఆకారంలో కోసి, మూడు వైపుల నుంచీ గీయమనండి. పది సబ్బులు అరిగేసరికి డ్రాయింగ్ వచ్చేస్తుంది.

ప్రశ్న: సార్, నేను మెకానికల్ డిప్లొమా రెండో ఏడాది. వర్క్‌షాపులో ఒక లేత్‌కు (ఇనుప రాడ్‌ను తిప్పుతూ కోసే మెషిన్) పది పన్నెండు మందిమి ఉంటాం. నా వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటే మార్కులు వస్తున్నాయి గానీ పని రావడం లేదని భయంగా ఉంది. సీనియర్లేమో లేత్ ఎవడికి కావాలి, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్) నేర్చుకో అంటున్నారు. బయట డబ్బు కట్టి కోర్సులో చేరాలా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: తమ్ముడూ, నీ భయం మంచి భయం. సంతకం పడిన రికార్డు చూసుకుని నాకు పని వచ్చేసిందనుకునే వాళ్లకంటే నువ్వు ముందున్నావు.

నీ వంతు రానప్పుడు ఆ గంటసేపు ఏం చేస్తున్నావో రాయలేదు. నేను చెప్పేది చెయ్యి. స్క్రాప్ డబ్బాలోంచి ఒక గుండ్రటి ముక్క తీసుకో. వెర్నియర్ కొలబద్దతో ఐదు చోట్ల వ్యాసం కొలిచి చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. అదే ముక్క నీ పక్కవాడికిచ్చి, నీ కాగితం చూపకుండా వాణ్నీ కొలవమను. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. మొదటి రోజు మీ ఇద్దరి అంకెలూ కలవవు. ఒకడు దవడలు బిగించి పట్టి ఉంటాడు, ఒకడు వంకరగా పట్టి ఉంటాడు, ఒకడు గీత తప్పు చదివి ఉంటాడు. ఎవరిది ఎందుకు తప్పిందో తేలేదాకా వదలొద్దు. నెల రోజులు ఇలా చేస్తే మీ ఇద్దరి అంకెలూ 0.02 మి.మీ. తేడా కూడా లేకుండా వస్తాయి. దీనికి లేత్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

లేత్ మీద ఉన్నవాడి జాబ్, అంటే వాడు కోస్తున్న ముక్క చూసి స్పీడ్ లెక్క వేసుకో. మైల్డ్ స్టీల్‌ను హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల కటింగ్ స్పీడ్‌తో కోస్తున్నాం అనుకుంటే, 25 మి.మీ. రాడ్‌కు దాదాపు 380 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు రావాలి. 50 మి.మీ. రాడ్ అయితే అందులో సగం. వాడు ఎంత పెట్టాడో చూడు, పొట్టు ఏ రంగులో వస్తుందో చూడు, చప్పుడు విను. సాయంత్రం మెషిన్ తుడిచే పని నేను చేస్తానని ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు. బ్రష్‌తో పొట్టు తీసి, స్లైడ్లకు నూనె రాస్తూ ఉంటే ఏ చక్రం తిప్పితే ఏది కదులుతుందో చేతికి తెలుస్తుంది. నేను చూసిన ఇన్‌స్ట్రక్టర్లలో, అలా అడిగిన పిల్లవాడికి ఒక అరగంట మెషిన్ ఇవ్వని వాళ్లు లేరు. ఒక్క మాట మటుకు ఎప్పటికీ మరవొద్దు. ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళం చక్‌లోనే వదిలి చెయ్యి తీయొద్దు. స్విచ్ వేయగానే అది రాయిలా ఎగిరి వస్తుంది. చేతికి కడియం, దారాలు, గ్లవ్స్ ఏవీ లేత్ దగ్గర వద్దు.

కొలత గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. డిప్లొమా పాసై ఒక రైస్ మిల్లులో చేరిన కొత్త. యాసంగి వడ్లు వస్తున్న రోజులు. గేటు బయట లారీలు బారులు కట్టాయి. బ్లోయర్ షాఫ్ట్ మీద 6305 బేరింగ్ మార్చే పని నాకిచ్చారు. నంబరు చూడగానే లోపలి రంధ్రం 25 మి.మీ. అని చెప్పగలను, చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే చాలు. అది కాలేజీలో నేర్చుకున్నాను. కానీ బేరింగ్ షాఫ్ట్ మీదికి ఎక్కడం లేదు. తొందరలో చెక్క ముక్క అడ్డం పెట్టి బయటి రింగు మీద సుత్తెతో కొట్టాను. ఎక్కింది. తిప్పి చూస్తే తిరిగింది. మేస్త్రీ శభాష్ అన్నాడు.

పదకొండో రోజు రాత్రి బ్లోయర్ ఏడుపు మొదలుపెట్టింది. తెల్లవారేసరికి బేరింగ్ పట్టేసింది, షాఫ్ట్ కూడా గీసుకుపోయింది. లైన్ మొత్తం ఆగింది. గేటు దగ్గర రైతులు బస్తాల మీద కూచుని ఉన్నారు. వాళ్ల వైపు చూడలేకపోయాను. ఆ మిల్లులో ఒక ముసలి ఫిట్టర్ ఉండేవాడు, ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఆయన ఆ బేరింగ్‌ను కోయించి, లోపలి రింగును కిరోసిన్‌తో కడిగి నా అరచేతిలో పెట్టాడు. "గోటితో రాసి చూడు" అన్నాడు. గోళీలు నడిచే దారిలో వరుసగా చిన్న గుంటలు. గోళీకి గోళీకి ఎంత ఎడమో, గుంటకు గుంటకు అంతే ఎడం. నేను బయటి రింగు మీద కొట్టిన దెబ్బ గోళీల గుండా పోయి లోపలి రింగులో దిగబడింది. ఒక్కో గోళీ తన చోటును అచ్చు గుద్దింది. కొత్త బేరింగ్‌ను నేను బిగించిన రోజే చంపేశాను.

షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు బలం లోపలి రింగు మీదే పడాలి. దానికి సరిపడే పైపు ముక్క పెట్టి కొట్టాలి, లేదా బేరింగ్‌ను 100 డిగ్రీల దగ్గర వేడిచేస్తే రంధ్రం వ్యాకోచించి దానంతటదే జారి కూచుంటుంది. ఇది పుస్తకంలో ఉంది. పరీక్షలో నేను రాసి ఉంటాను కూడా. కానీ అసలు తప్పు ఇంకా ముందే జరిగింది. ఎక్కడం లేదన్నప్పుడు నేను షాఫ్ట్‌ను కొలవలేదు. 25 మి.మీ. షాఫ్ట్ మీద ఇలాంటి బేరింగ్ కూచునే చోటుకు మామూలుగా ఇచ్చే కే6 ఫిట్‌లో (ఎంత బిగువుగా ఉండాలో చెప్పే ప్రమాణం) సైజు 25.002 నుంచి 25.015 మధ్య ఉండాలి. అంటే ఆ రెండు సైజుల మధ్య తేడా 13 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), మన తల వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు. వెర్నియర్‌కు అది కనపడనే కనపడదు, మైక్రాన్లు చూపే మైక్రోమీటర్ కావాలి. ఆ షాఫ్ట్‌ను అంతకు ముందు ఎవరో వెల్డింగ్ నింపి లేత్ మీద తీశారు, సైజు ఎక్కువ ఉంచేశారు. రెండు నిమిషాలు కొలిచి ఉంటే తెలిసేది.

ఇప్పుడు సీఎన్‌సీకి వద్దాం. నేర్చుకో, తప్పకుండా నేర్చుకో. కానీ అక్కడ రోజంతా జరిగేది ఏమిటో తెలుసా? మొదటి ముక్క తీసి కొలుస్తారు. 25.00 రావాల్సింది 25.04 వచ్చిందనుకో, ఆ 0.04 ఆఫ్‌సెట్‌లో, అంటే మెషిన్‌కు ఇచ్చే సవరణ అంకెలో, తగ్గించి రెండో ముక్క తీస్తారు. టూల్ అరిగే కొద్దీ మళ్లీ కొలత, మళ్లీ ఆఫ్‌సెట్. కొలత తప్పితే ఆ మెషిన్ ఎంత ఖరీదైనదైనా తప్పు సైజునే వందల ముక్కల మీద అచ్చంగా తీస్తుంది. బటన్ నొక్కే ఆపరేటర్‌కు, ఆఫ్‌సెట్ వేసే సెట్టర్‌కు జీతంలో తేడా అక్కడే. మెషిన్‌కు ఆదేశాలు రాసే జీ-కోడ్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. కొలత చేతికి రావడానికి రోజూ చేయాలి, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను.

బయట కోర్సులో చేరే ముందు వెళ్లి రెండు సంగతులు అడుగు. మెషిన్ మీద నేను ఒక్కణ్నే నిలబడే గంటలు ఎన్ని? మెటీరియల్ కోయిస్తారా, కంప్యూటర్‌లో బొమ్మే చూపిస్తారా? సూటిగా జవాబు చెప్పకపోతే డబ్బు కట్టొద్దు. హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి ఈ పనే నేర్పుతోంది. ముందు అక్కడి చిన్న కోర్సుల సంగతి కనుక్కో. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని కూడా పెట్టుకున్నారు, మీ దగ్గర్లో ఉన్నది తెరిచారేమో వెళ్లి చూడు. డిప్లొమా అయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌గా చెయ్యడం మరవొద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నీలాంటి వాళ్లను టెక్నీషియన్ అప్రెంటిస్ అంటారు, స్టైపెండ్ ఇస్తారు.

ప్రశ్న: సార్, నేను పదో తరగతి పాసైన అమ్మాయిని. మెకానికల్ తీసుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. బరువులు ఎత్తాలి, ఆడపిల్లకు ఎందుకంటున్నారు. అమ్మ టైలరింగ్ చేస్తుంది. మా కుట్టు మిషన్ పాడైతే నేనే బాగుచేస్తాను. నేను చేయగలనా?
– ఒక విద్యార్థిని, కల్వకుర్తి

జవాబు: బిడ్డా, కుట్టు మిషన్ కుట్లు వదిలేస్తుంటే నువ్వు ఏం చేస్తావు? సూది కిందిదాకా దిగి, పైకి కొంచెం లేవగానే దారం ఉంగరంలా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో షటిల్ ముక్కు వచ్చి ఆ ఉంగరాన్ని అందుకోవాలి. ఒక వెంట్రుకవాసి ముందైనా వెనకైనా కుట్టు పడదు. దీన్ని సరిచేయడం నీకు వస్తే, టైమింగ్ అనే మాటకు అర్థం నీకు వచ్చేసింది. ఇంజిన్‌లో వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే పాఠం ఇదే.

బరువులు ఎత్తడానికి చైన్ పుల్లీలు, క్రేన్లు ఉన్నాయి. మగవాళ్లు కూడా చేతులతో గేర్‌బాక్స్ ఎత్తరు, ఎత్తితే నడుము పోతుంది. క్లాసులో అమ్మాయిలు ముగ్గురో నలుగురో ఉంటారు, అది కష్టమే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. వర్క్‌షాపులో "అమ్మా నువ్వు రికార్డు రాయి, వాళ్లు చేస్తారు" అని ప్రేమగానే పక్కన కూచోబెడతారు. ఒప్పుకోవద్దు. ఫిట్టింగ్ షాపులో మొదటి రోజే ఆకురాయి నీ చేతిలో ఉండాలి. వైస్‌లో ఇనుప బిళ్ల బిగించి, ఆకురాయి పట్టి, మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి చూడు. సందులోంచి వెలుగు కనపడకుండా అయ్యేదాకా అక్కడి నుంచి కదలకు. బొబ్బలు లేస్తాయి, వారంలో మానుతాయి. మెషిన్ దగ్గరికి పోయేటప్పుడు చున్నీ తీసి పెట్టెయ్యి, జడ మడిచి టోపీలో దోపుకో. ఇందులో రాజీ వద్దు.

నవ్వేవాళ్లకు జవాబు చెప్పొద్దు. మీ అమ్మగారిని మటుకు ఒకసారి అడుగు, మిషన్ ఆగిన రోజు ఆమె ఎవరిని పిలుస్తుందో.

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాను. మక్తల్ దగ్గర వెల్డింగ్ షాపులో పనిచేస్తున్నా. వయసు 22. ఇప్పుడు డిప్లొమా చదవొచ్చా? లెక్కలు మరిచిపోయాను.
– ఒక పాఠకుడు, నారాయణపేట జిల్లా

జవాబు: చదవొచ్చు తమ్ముడూ. ఫిట్టర్ రెండేళ్ల కోర్సు కాబట్టి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో ఇస్తారు, మీ ఐటీఐ ప్రిన్సిపాల్ దగ్గర చూపించుకో. లెక్కలకు పెద్ద పుస్తకాలు కొనకు. పదో తరగతి పుస్తకంలో త్రికోణమితి తీసి, మీ షాపులో వేసే రేకుల షెడ్డు వాలు ఎన్ని డిగ్రీలో కనుక్కో. ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి, టాన్ లెక్క వేసి, తర్వాత ప్రొట్రాక్టర్ పెట్టి సరిచూడు. రెండూ కలిసిన రోజు నాకు ఇంకో ఉత్తరం రాయి, తర్వాత ఏ పాఠం తీయాలో చెబుతాను.